అందరి అమ్మ మేరీ స్లెస్సర్

ఈ నెల గోడపత్రికలో "మహనీయుల జీవితం" నా వంతు వచ్చింది. ఎప్పుడూ మనం గాంధీ గారు, అంబేద్కర్ గారు, అల్లూరి సీతారామరాజు గారి గురించి రాస్తుంటాం. ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒక ఆమె గురించి రాస్తున్నాను. ఆమె పేరు మేరీ స్లెస్సర్. ఆమె రాణి కాదు, పెద్ద చదువు చదివిన మనిషీ కాదు. మిల్లులో కూలికి పోయిన పిల్ల. అయినా ఆఫ్రికాలో ఒక అడవి ప్రాంతం వాళ్లు ఆమెను అందరి అమ్మ అని పిలిచారు. ఎందుకు పిలిచారో చదవండి. కొంచెం పొడుగ్గా ఉంది, ఓపికగా చదవండి.

పుట్టుక, బాల్యం

మేరీ 1848 డిసెంబరు 2న స్కాట్లాండు దేశంలో అబర్డీన్ అనే ఊళ్లో పుట్టింది. స్కాట్లాండు ఇంగ్లండుకు పైన, ఉత్తరం దిక్కున ఉంటుంది. చాలా చలి దేశం. వాళ్లు ఏడుగురు పిల్లలు, మేరీ రెండోది. నాన్న రాబర్ట్ చెప్పులు కుట్టేవాడు. అమ్మ పేరు కూడా మేరీయే, ఆమె మగ్గం నేసేది. అమ్మకు దేవుడి భక్తి ఎక్కువ. ఆదివారం ఎంత కష్టంలో ఉన్నా పిల్లలకు ఉన్నంతలో శుభ్రమైన బట్టలు వేసి గుడికి తీసుకుపోయేది.

నాన్నకు తాగుడు ఉంది. తాగి తాగి పని పోగొట్టుకున్నాడు. 1859లో సామాను అమ్ముకుని డండీ అనే ఊరికి వలస వచ్చారు. డండీ నిండా మిల్లులే. అక్కడ ఒక చిన్న ఇంట్లో అందరూ ఉండేవాళ్లు. శనివారం కూలి డబ్బులు వచ్చే రోజు. ఆ రాత్రి నాన్న వచ్చేదాకా అమ్మ, మేరీ మేలుకుని ఉండేవాళ్లు. ఆయన కోసం తాము తినకుండా దాచిన అన్నాన్ని కూడా ఒక్కోసారి పొయ్యిలో పారేసేవాడంట. ఒక్కోసారి మేరీని చీకట్లో బయటికి వెళ్లగొట్టేవాడు. ఆమె వీధిలో ఏడుస్తూ నిలబడేది. ఈ సంగతి ఇరుగుపొరుగుకు తెలియకుండా అమ్మా కూతురూ దాచుకునేవాళ్లు. సారా తాగే ఇల్లు ఎలా ఉంటుందో మనలో కొందరికి నేను చెప్పక్కర్లేదు.

సగం మిల్లు, సగం బడి

డండీకి వచ్చాక 11 ఏళ్లకే మేరీ బాక్స్టర్ వాళ్ల నార మిల్లులో పనిలో చేరింది. అవిసె నారతో బట్ట నేసే పెద్ద మిల్లు అది. అక్కడ చిన్న పిల్లలకు సగం రోజు పని, సగం రోజు బడి. బడి కూడా మిల్లు వాళ్లదే. పొద్దున పని చేస్తే మధ్యాహ్నం బడి. అలిసిపోయి కూర్చుంటే అక్షరాలు కళ్ల ముందు తిరిగేవి. మొదట్లో చదవడం అంతగా వచ్చేది కాదు. తర్వాత వచ్చింది.

14 ఏళ్లకు, అంటే ఇప్పుడు నా వయసుకు, ఆమె మగ్గం పనిలో ఆరితేరింది. అప్పటినుంచి సగం రోజు కాదు, పొద్దున 6 గంటల నుంచి సాయంత్రం 6 గంటల దాకా పనే. మన బెల్లు 5 గంటలకు కొడితేనే మనం లేవడానికి గొణుగుతాం. ఆమె అంతకంటే ముందే లేచి ఇంటి పని చేసి మిల్లుకు పోయేది. మగ్గం మీద ఒక పక్కన పుస్తకం ఆనించి పెట్టుకుని, దారం తెగనంతసేపూ చదివేది. మిల్లుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు దారిలో కూడా చదివేది. ఆమెకు పైచదువు అంతా అలాగే వచ్చింది. కూలి డబ్బులు అన్నీ అమ్మ చేతికే ఇచ్చేది.

తర్వాత నాన్న, అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. అన్న రాబర్ట్ మిషనరీ కావాలని చిన్నప్పుడు అనేవాడు. మిషనరీ అంటే తన మతం చెప్పడానికి, సేవ చేయడానికి వేరే దేశం పోయేవాళ్లు. ఇంక ఇంట్లో మిగిలింది అమ్మ, మేరీ, ఇద్దరు చెల్లెళ్లు. ఇంటి బరువు అంతా మేరీ మీదే పడింది.

పని అయ్యాక సాయంత్రం పూట ఆమె డండీలో పేదల వాడకు పోయి పిల్లలకు పాఠాలు, దేవుడి మాటలు చెప్పేది. అక్కడ కొందరు అల్లరి కుర్రవాళ్లకు అది ఇష్టం లేదు. ఒకరోజు వాళ్ల నాయకుడు తాడుకు సీసపు ముద్ద కట్టి ఆమె మొహం ముందు గిరగిర తిప్పాడు. దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చాడు. అది నుదుటికి తాకేంత దగ్గరికి వచ్చినా మేరీ కదల్లేదు. కుర్రవాడే ఓడిపోయి తాడు కింద పడేసి, తన వాళ్లందరినీ ఆమె చెప్పే పాఠానికి తీసుకుపోయాడు.

సముద్రం దాటి

ఆఫ్రికాలో పని చేసిన డేవిడ్ లివింగ్‌స్టన్ అనే పెద్ద మిషనరీ 1873లో చనిపోయాడు. ఆ వార్త విన్నాక మేరీ మనసు ఆగలేదు. తాను పోతానని చర్చి పెద్దలకు దరఖాస్తు పెట్టింది. మిల్లు కూలి పిల్లను తీసుకుంటారా అనుకుంది గాని వాళ్లు ఒప్పుకున్నారు. ఎడిన్‌బరోలో కొన్ని నెలలు శిక్షణ ఇచ్చారు. 1876 ఆగస్టు 5న ఇథియోపియా అనే ఓడ ఎక్కింది. అప్పుడు ఆమెకు 27 ఏళ్లు.

ఆ ఓడలోకి సారా పీపాలు పీపాలుగా ఎక్కిస్తున్నారు. అవన్నీ ఆఫ్రికా వాళ్లకు అమ్మడానికే. పీపాలు అన్ని ఉంటే మిషనరీలు ఇంత తక్కువ అని ఆమె బాధపడింది. తాగుడుతో తన ఇల్లు ఏమైందో ఆమెకు తెలుసు గదా.

నెలకు పైగా ప్రయాణం చేసి సెప్టెంబరులో కలబార్ చేరింది. అది ఇప్పటి నైజీరియా దేశంలో ఆగ్నేయ మూల ఉంది. క్రాస్ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. నదులు, వాగులు, దట్టమైన అడవి, వానలు, దోమలు. మ్యాపు చూసినవాళ్లు ఆఫ్రికా పడమటి తీరం లోపలికి వంగిన చోట వెతకండి.

భాష నేర్చుకోవడం

అక్కడివాళ్ల భాష ఎఫిక్. చాలామంది తెల్లవాళ్లు మధ్యలో ఒక మనిషిని పెట్టుకుని మాట్లాడేవాళ్లు. మేరీ అలా ఉండలేదు. పిల్లలతో, ఆడవాళ్లతో కూర్చుని వాళ్ల నోటినుంచే నేర్చుకుంది. త్వరలో ఎఫిక్‌లో జోకులు వేసేంత, పోట్లాడేంత బాగా వచ్చేసింది. దేవుణ్ణి వాళ్లు అబాసి అంటారు. మేరీ కూడా అబాసి అనే ప్రార్థన చేసేది.

ఇది నాకు చాలా నచ్చిన విషయం. మనం ఒకటో తరగతికి వచ్చినప్పుడు టీచర్ మాట మనకు అర్థం కాలేదు, మన మాట టీచర్‌కు అర్థం కాలేదు. మన ఇంటి మాట మాట్లాడితే వేరేవాళ్లు నవ్వుతారని కొందరు ఇప్పటికీ దాచుకుంటారు. మేరీ వాళ్ల దేశం అప్పుడు సగం ప్రపంచాన్ని ఏలుతున్నట్టు ఉండేది. అయినా ఆమె అడవిలో వాళ్ల భాషకు విద్యార్థి అయింది.

చలిజ్వరం

కలబార్‌లో చలిజ్వరం బాగా ఎక్కువ. మలేరియా అంటాం గదా, అదే. చాలామంది మిషనరీలు వచ్చిన కొన్నాళ్లకే చనిపోయేవాళ్లు. మేరీకి కూడా మళ్లీ మళ్లీ వచ్చింది. మూడేళ్లకే ఒళ్లు పాడై 1879లో ఇంటికి పోవలసి వచ్చింది. కోలుకుని 1880లో మళ్లీ వచ్చేసింది. బతికినంత కాలం ఆ జ్వరం ఆమెను వదల్లేదు. వణుకుతూ మంచం మీద ఉన్నా గొడవ జరుగుతోందని కబురు వస్తే లేచి పోయేది.

ఆ రోజుల్లో ఈ జ్వరం దోమ వల్ల వస్తుందని ఎవరికీ తెలియదు. చెడ్డ గాలి వల్ల అనుకునేవాళ్లు. దోమలోనే ఆ క్రిమి ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టులో. అప్పటికి మేరీ ఆఫ్రికా వచ్చి 21 ఏళ్లు అయింది. ఏజెన్సీ పిల్లలం మనకు ఈ జ్వరం గురించి వేరే చెప్పాలా? దోమతెర ఇస్తే కిటికీకి కట్టుకుంటున్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

కవల పిల్లలు

ఇప్పుడు అసలు విషయం. అక్కడ అప్పుడు ఒక నమ్మకం ఉండేది. కవలలు పుడితే అందులో ఒకరికి తండ్రి దయ్యమని అనుకునేవాళ్లు. ఆ ఒకరు ఎవరో తెలియదు. అందుకని ఇద్దరినీ మట్టికుండలో పెట్టి అడవిలో వదిలేసేవాళ్లు. తల్లిని ఊళ్లోనుంచి వెళ్లగొట్టేవాళ్లు. ఆమె ముట్టుకున్నది ఎవరూ ముట్టరు, ఆమె నడిచిన దారిలో నడవరు.

మేరీకి కవలలు పుట్టారని తెలిస్తే చాలు, రాత్రి అయినా వాన అయినా అడవిలో పడి పోయేది. కుండ ఎక్కడుందో వెతికి పిల్లల్ని ఎత్తుకుని వచ్చేది. కొందరు అప్పటికే చనిపోయి ఉండేవాళ్లు, కొందరు చీమలు పట్టి ఉండేవాళ్లు. బతికినవాళ్లను తన ఇంట్లో పెంచింది. అలా ఎంతో మందిని బతికించింది. తల్లులకు కూడా తన దగ్గర చోటు ఇచ్చింది. ఆ ఆచారం తప్పని ఆమెకు ముందు వచ్చిన మిషనరీలు కూడా చెప్పారు, కలబార్ పెద్దలు కొందరు ఒప్పుకున్నారు. కాని లోపలి ఊళ్లలో అది ఆగలేదు.

మొదట్లో తెచ్చిన పిల్లల్లో ఒకమ్మాయికి తన చెల్లెలి పేరే పెట్టింది, జేనీ అని. జేనీతో పుట్టిన మగపిల్లాడు బతకలేదు. 1883లో మేరీ జబ్బుతో స్కాట్లాండు పోయినప్పుడు జేనీని కూడా వెంట తీసుకుపోయింది. డండీ జనం ఆ పాపను చూడటానికి గుంపులుగా వచ్చారు. జేనీ చివరిదాకా మేరీతోనే ఉంది, ఇంటి పనంతా చూసుకుంది.

కవలలు ఎందుకు పుడతారో మనం సైన్సులో తెలుసుకుంటాం. తల్లి కడుపులో ఒకేసారి రెండు అండాలు తయారైతే, లేకపోతే ఒకే పిండం రెండుగా విడిపోతే కవలలు పుడతారు. అందులో దయ్యం లేదు, తల్లి తప్పూ లేదు.

ఒకోయాంగ్ అడవికి

1886లో మేరీ అమ్మ చనిపోయింది. దగ్గర దగ్గరలోనే చెల్లెలు జేనీ కూడా పోయింది. ఇంకో చెల్లెలు ముందే పోయింది. ఇంక ఉత్తరం రాస్తే సంతోషంగా చదివేవాళ్లు ఇంటి దగ్గర ఎవరూ లేరు. స్వర్గమే ఇప్పుడు తనకు ఇంటికంటే దగ్గర అనుకుంది. తన కోసం భయపడేవాళ్లు లేరు కాబట్టి ఇంకా లోపలికి, ఎవరూ పోని చోటికి పోతానని పెద్దల్ని అడిగింది.

ఆ చోటు ఒకోయాంగ్. అక్కడివాళ్లు బయటివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. 1888 ఆగస్టులో క్రీక్ టౌన్ రాజు ఏయో తన పడవ ఇచ్చాడు. తన దగ్గర పెరుగుతున్న ఐదుగురు పిల్లలతో ఆమె ఆ పడవ ఎక్కింది. వాన కుండపోత. పడవ దిగాక ఎకెంగె అనే ఊరికి అడవిలో నాలుగు మైళ్లు నడవాలి. చీకటి పడింది. చంకలో ఒక బిడ్డ, వెనకాల ఏడుస్తూ మిగతావాళ్లు. ఊరు చేరితే సామాను మోసేవాళ్లు రాలేదు. అలిసిపోయి పడవలోనే పడుకుండిపోయారు. పిల్లలకు పొడి బట్టలు లేవు, తిండి లేదు. మేరీ చెప్పులు కూడా లేకుండా మళ్లీ ఆ చీకట్లో వెనక్కి పోయి వాళ్లను లేపి సామాను తెచ్చింది. అప్పుడు ఆమెకు 39 ఏళ్లు.

రోజులు ఎలా గడిచేవి

అక్కడ ఆమె పదిహేనేళ్లు ఉంది. మట్టి గోడల ఇల్లు, ఆకుల కప్పు. మట్టి తొక్కడం, గోడకు పూయడం, కప్పు సరిచేయడం అన్నీ ఆడవాళ్లతో, పిల్లలతో కలిసి చేసింది. తర్వాత సిమెంటు కలపడం కూడా నేర్చుకుంది. తెల్ల ఆడవాళ్లు అప్పుడు వేసుకునే బిగుతు బట్టలు, టోపీ, బూట్లు అన్నీ మానేసింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఉత్త కాళ్లతో అడవిలో నడిచేది. పెండలం దుంపలు, అరటికాయలు, వాళ్లు తినేదే తినేది. అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ జీతంలో కొంత ఇంటికి పంపేది, అందుకని మొదటినుంచీ దొరల తిండి మానేసింది.

పొద్దున్నే దీపం పెట్టుకుని బైబిలు చదివేది. చదువుతూ పక్కనే ఖాళీలో తన ఆలోచనలు సన్నగా రాసుకునేది. రాసి రాసి పుస్తకంలో చోటు లేకుండా పోతే ఇంకో బైబిలు తెచ్చుకునేది. తర్వాత ఇంటిముందు జనం. పుండ్లకు కట్టు కట్టించుకునేవాళ్లు, మందు అడిగేవాళ్లు, తగాదాలు తెచ్చేవాళ్లు. మధ్యలో బడి. చిన్నా పెద్దా అందరూ అక్షరాలు దిద్దేవాళ్లు. సాయంత్రం ఊరి మధ్యలో ప్రార్థన, పాటలు. రాత్రి పసిపిల్లలు. చుట్టూ ఉయ్యాలలు కట్టి వాటి తాళ్లు తన మంచం దగ్గరికి లాక్కునేది. ఎవరు ఏడిస్తే ఆ తాడు ఊపేది. పసిపిల్లలకు పట్టడానికి డబ్బా పాలు కావాలి, అవి కలబార్‌లోనే దొరుకుతాయి. అయిపోతే అంత దూరం పోయి రావలసిందే.

ఒక్కోసారి ఏ రోజు ఏ వారమో మరిచిపోయేది. అడవిలో క్యాలెండరు ఎవరు చూస్తారు? ఆదివారం అనుకుని సోమవారం ప్రార్థన పెట్టేది. ఒకసారి నిజమైన ఆదివారం నాడు ఇంటి కప్పు ఎక్కి పని చేసుకుంటూ కనిపించిందంట. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. కాని దేవుడు రోజు చూడడు, మనసు చూస్తాడు గదా.

ఆమె భక్తి ఎలాంటిదంటే, దేవుడితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. తాళం చెవి కనపడకపోయినా అడిగేది, చిరుత తిరిగే అడవిలో నడిచేటప్పుడూ అడిగేది. ఆమెకు భయం లేక కాదు. చీకటన్నా అడవి మృగాలన్నా ఆమెకు చాలా భయం. భయపడుతూనే పోయింది.

ఏతిమ్ కథ

ఒకోయాంగ్‌లో ఎవరైనా పెద్దింటివాళ్లు చనిపోతే దాన్ని మామూలు చావు అనుకునేవాళ్లు కాదు. ఎవరో చేతబడి చేశారనేవాళ్లు. అనుమానం ఉన్నవాళ్లకు ఎసెరె అనే గింజ నూరి తాగించేవాళ్లు. కక్కేస్తే నిర్దోషి, చనిపోతే దోషి. ఆ గింజలో విషం ఉంటుంది. ఆ గింజ మీద ఎడిన్‌బరో డాక్టర్లు పరిశోధన చేశారు, తర్వాత దాన్నుంచి కంటి జబ్బుకు మందు కూడా వచ్చింది. అంతేగాని అది నిజం చెప్పే గింజ కాదు.

ఎకెంగె ఊరి పెద్ద ఎదెమ్. ఆయన కొడుకు ఏతిమ్ పెళ్లికి ముందు ఇల్లు కట్టుకుంటుంటే పెద్ద దుంగ మీద పడింది. కాళ్లూ చేతులూ పడిపోయాయి. మేరీ రెండు వారాలు పక్కనే ఉండి సేవ చేసింది. అయినా చనిపోయాడు. వెంటనే మంత్రగాణ్ణి పిలిచారు. అతడు పక్క ఊరివాళ్లే చేశారన్నాడు. ఆయుధాలతో పోయి పన్నెండు మంది దాకా ఆడా మగా పట్టుకొచ్చి గొలుసులు వేసి కట్టేశారు. వాళ్లలో పిల్లల తల్లులు కూడా ఉన్నారు.

మేరీ ఏం చేసిందో చూడండి. ఎదెమ్‌తో ముందే పోట్లాడలేదు. కొడుకుకు గొప్పగా మర్యాద చేయాలన్నదే గదా ఆయన కోరిక. అందుకని తన దగ్గరున్న మంచి బట్టలన్నీ తీసి శవానికి కట్టింది. పట్టుబట్టలు, తలపాగా, ఈకల టోపీ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టి గొడుగు పట్టించింది, ఎదురుగా అద్దం పెట్టింది. జనం చూసి ఆశ్చర్యపోయి ఆట పాట మొదలెట్టారు. తర్వాత ఆమె గొలుసులతో ఉన్నవాళ్ల దగ్గరికి పోయి కూర్చుంది. పగలూ రాత్రీ కదల్లేదు. ఆమె నిద్ర పోతే వాళ్లకు గింజ తాగిస్తారు. ఇల్లు కట్టడానికి వచ్చిన వడ్రంగి ఆమెతో వంతులు వేసుకుని కాపలా కాశాడు. చివరికి ఎదెమ్ మెత్తబడి ఒక్కొక్కరినీ వదిలేశాడు. ఏతిమ్ సమాధిలో మనుషులకు బదులు ఒక ఆవునే పెట్టారు.

ఇందులో ఇంకొకరి సాయం ఉంది. ఎదెమ్ చెల్లెలు మా ఏమె. ఆమె బయటికి చెప్పకుండా మేరీకి రహస్యంగా కబుర్లు పంపేది. మందు సీసా నింపమని పంపిస్తే ఏదో గొడవ జరుగుతోందని గుర్తు. వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లలాగా ఉండేవాళ్లు. కాని మా ఏమె చివరిదాకా తన పాత దేవుళ్లనే మొక్కింది. మేరీకి బాధ ఉండేది గాని స్నేహం వదల్లేదు.

తగాదాలు, తీర్పులు

రెండు ఊళ్లు కొట్టుకోబోతే మేరీ మధ్యలో కూర్చుని వాళ్ల మాటలన్నీ వినేది. వింటూ వింటూ స్వెటరు అల్లుకునేది. గంటలు గంటలు మాట్లాడి మాట్లాడి వాళ్లకే కోపం తగ్గిపోయేది. తుపాకులకూ సారాకూ బదులు పామాయిలు, దుంపలు కలబార్‌కు తీసుకుపోయి అమ్ముకోమని చెప్పింది. పనిలో ఉంటే తాగుడూ కొట్లాటా తగ్గుతాయని ఆమె లెక్క. అది కొంత నిజమైంది కూడా.

1892లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు ఒకోయాంగ్‌లో తీర్పులు చెప్పే అధికారం ఇచ్చింది. ఆ కాలంలో ఆడమనిషికి అలాంటి పని ఇవ్వడం చాలా అరుదు. ఒళ్లో బిడ్డను పెట్టుకుని తీర్పు చెప్పేది. భార్యను కొట్టినవాళ్లకు, ముసలివాళ్ల ఆస్తి లాక్కున్నవాళ్లకు ఆమె అంటే హడల్.

పెళ్లి సంగతి కూడా రాయాలి. చార్లెస్ మారిసన్ అనే మిషన్ టీచరు ఆమెను ఇష్టపడ్డాడు. ఒకోయాంగ్ వచ్చి ఉంటే చేసుకుంటానంది. అతని ఆరోగ్యం బాగాలేదని మిషన్ పెద్దలు పంపలేదు. మేరీ ఒకోయాంగ్ వదిలి రాలేదు. పెళ్లి ఆగిపోయింది.

ఒకసారి మశూచి వచ్చింది. మేరీ టీకాలు వేసింది, మందు అయిపోయేదాకా. అప్పటికి ఆమె అక్పాప్ అనే ఊరికి మారింది. ఎకెంగెలో ఎదెమ్‌కు సోకిందని తెలిసి పరుగున పోయింది. జనం అందరూ పారిపోయారు, ఆయన దగ్గర ఎవరూ లేరు. రాత్రికి ఆయన చనిపోయాడు. మేరీ ఒక్కతే పెట్టె తయారుచేసి, గొయ్యి తవ్వి పూడ్చి, తెల్లారి ఇంటికి నడిచి వచ్చింది. ఒకప్పుడు ఎవరితో అంత పోరాడిందో ఆయనకు చివరికి ఆమే దిక్కు అయింది.

చివరి రోజులు

ఇన్నేళ్లు పని చేసినా ఒకోయాంగ్‌లో 1903లో మొదటిసారి సంఘంలో కలిసినవాళ్లు ఏడుగురే. లెక్క చూసేవాళ్లకు అది తక్కువ. కాని ఒకోయాంగ్‌లో బతికిన కవల పిల్లల్ని ఎవరు లెక్కపెట్టాలి? 1904 నుంచి ఆమె ఇంకా లోపలికి, ఇటు అనే చోటికి, దాని చుట్టుపక్కల ఊళ్లకు పోయింది. అప్పటికి ఆమె ఒళ్లు చాలా పాడైంది. ముసలితనంలో సైకిలు నేర్చుకుంది. అది కూడా తొక్కలేకపోతే చిన్న చక్రాల బండిలో కూర్చోబెట్టి పిల్లలు తోసుకుపోయేవాళ్లు.

1915 జనవరి 13న ఉసె అనే ఊళ్లో తన మట్టి ఇంట్లో 66 ఏళ్ల వయసులో చనిపోయింది. చుట్టూ జేనీ, మిగతా పెంపుడు కూతుళ్లు ఉన్నారు. శవాన్ని నది మీద కలబార్ తీసుకుపోయి ప్రభుత్వ మర్యాదలతో పూడ్చిపెట్టారు. ఆమె చేతిలో ఇద్దరు కవలలు ఉన్నట్టు కలబార్‌లో విగ్రహం ఉంది. స్కాట్లాండులో 1997 నుంచి కొన్నేళ్లు 10 పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ వేశారు. మిల్లులో కూలి తీసుకున్న పిల్ల బొమ్మ డబ్బు మీదే వచ్చింది.

నేను ఆలోచించింది

ఆమె గురించి రాసిన పాత పుస్తకాల్లో ఒకోయాంగ్ వాళ్లను అనాగరికులు, అడవి మనుషులు అని రాశారు. నాకు ఆ మాట నచ్చలేదు. మనల్ని కూడా అలాగే రాస్తారు. ఏతిమ్ కోసం అంత ఏడ్చిన తండ్రి, ప్రాణానికి తెగించి కబురు పంపిన మా ఏమె అనాగరికులు ఎలా అవుతారు? చిన్న పిల్లల్ని మిల్లులో పెట్టి పని చేయించిన దేశం నాగరికమా? ఓడ నిండా సారా పంపినవాళ్లు నాగరికులా? ఆమె వెనకాలే దొరల పాలన కూడా ఆ అడవుల్లోకి వచ్చింది, సైన్యం కూడా వచ్చింది. అది మన మన్యంలో ఏం చేసిందో అల్లూరి గారి పాఠంలో చదివాం. మేరీ వాళ్ల మధ్యే ఉండి పని చేసింది. ఇది కూడా చెప్పకపోతే నిజం సగమే చెప్పినట్టు.

కాని ఒక ఆచారం పాతది కాబట్టి మంచిది అని కూడా అనలేం. ఎవరికైనా జబ్బు చేస్తే, పసిబిడ్డ పోతే, చేతబడి చేసింది ఫలానా ముసలామె అని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. ఆ ముసలామె ఇంటికి ఎవరూ పోరు, నిప్పు కూడా ఇవ్వరు. పెద్దవాళ్లు అంటే మనం నోరు మూసుకుని వింటాం. మేరీ అలాంటప్పుడు తిట్టి వెళ్లిపోలేదు, భయపడి ఊరుకోలేదు. గొలుసులు వేసినవాళ్ల పక్కన పోయి కూర్చుంది.

మన హాస్టల్లో చర్చికి పోయేవాళ్లు ఉన్నారు, ముత్యాలమ్మను మొక్కేవాళ్లు ఉన్నారు, రెండూ చేసేవాళ్లూ ఉన్నారు. ఎవరి దేవుడు వాళ్లకు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు, ఊరంతా వేలు చూపించే ఆ ముసలామె గుడిసె దగ్గరికి మనలో ఒక్కరైనా పోయి, అవ్వా బాగున్నావా అని అడిగి కాసేపు కూర్చోవాలని నా కోరిక. నేను పోతాను. నాతో ఎవరైనా వస్తారా?

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని